మిస్ట్రెస్ అంటే ఏమిటి టీచర్? ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు కూర్చేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కళ్లు సహకరించినంత సేపు పాత ఇంగ్లీషు కథలు తెలుగు చేస్తుంటాను. మీరు కూర్చిన నిఘంటువులు నా బల్ల మీద నాలుగున్నాయి. ఒకదానికి అట్ట ఊడిపోతే క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను. మీ ఉప్పు తిన్న మనిషినే. కాబట్టి ఇది ఇంటి మనిషి చేస్తున్న ఫిర్యాదు అనుకుని చదవండి.

విషయం చిన్నదే. పాఠం చెప్పే ఆడవాళ్లకు ఇంగ్లీషులో ఒకప్పుడు బోలెడు పేర్లుండేవి. స్కూల్‌మిస్ట్రెస్, గవర్నెస్, స్కూల్‌మార్మ్, స్కూల్ డేమ్, ప్రిసెప్ట్రెస్, ఇన్‌స్ట్రక్ట్రెస్, లేడీ టీచర్. నా దగ్గరున్న పుస్తకాల్లో వీటిలో ఏది వెతికినా దాదాపు ఒకటే జవాబు: ఉపాధ్యాయిని. కాస్త ఉదారంగా ఉన్న చోట పంతులమ్మ. ఒక్క మిస్ట్రెస్ దగ్గర మాత్రం హఠాత్తుగా మాటలు పొంగుకొస్తాయి. ముందు దాని సంగతే చెబుతాను.

తొంభైల్లో జరిగింది. తొమ్మిదో తరగతికి లీవ్ లెటర్ నేర్పిస్తున్నాను. అప్పుడు మా స్కూలుకు హెచ్చెమ్ ఒక ఆవిడ. అందుకని బోర్డు మీద "టు ద హెడ్‌మిస్ట్రెస్" అని రాశాను. రెండో బెంచీలో ఒక కుర్రాడు, పుస్తకాల పురుగు, ఇంటర్వెల్‌లో లైబ్రరీ బీరువా తీయించుకుని ఆ మాట వెతికాడు. మొత్తం మాట దొరకలేదు. విడగొట్టి చూశాడు. హెడ్ అంటే తల. మిస్ట్రెస్ అంటే, అక్కడ మొట్టమొదట అచ్చయి ఉన్న అర్థం, ఉంపుడుగత్తె. వాడు నన్నడగలేదు. పక్కవాణ్ణి అడిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు మగపిల్లల వరసంతా తలలు దించుకుని నవ్వుతోంది. మర్నాడు ఆ తరగతి నుంచి వచ్చిన లీవ్ లెటర్లలో సగం "టు ద హెడ్‌మాస్టర్" అని ఉన్నాయి. మిగతా సగం పిల్లలు రానే లేదు, బహుశా లెటర్ రాయాల్సి వస్తుందని.

ఆ కుర్రాణ్ణి ఏమనగలను? నిఘంటువు చూడండ్రా, నిఘంటువు చూడండ్రా అని వారం వారం చెప్పింది నేనే కదా.

ఆ మాట పుట్టుక చూస్తే మర్యాదైన కుటుంబం. లాటిన్‌లో మాజిస్టర్ అంటే పెద్ద, గురువు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి మాస్టర్ అయింది. దాని ఆడ రూపమే మిస్ట్రెస్. ఇద్దరూ తోబుట్టువులు. ఇంటి మీదనో, పని మీదనో, విద్య మీదనో పట్టు ఉన్న మనిషి అని రెండింటికీ అర్థం. తర్వాత అన్న బాగుపడ్డాడు. మాస్టర్‌పీస్ అయ్యాడు, మాస్టర్స్ డిగ్రీ అయ్యాడు, మన ఊళ్లకొచ్చి మేష్టారు అయి చివర గౌరవం కూడా తగిలించుకున్నాడు. చెల్లెలి పేరు మాత్రం చెడగొట్టారు. ఎంత చెడినా ఆవిడ పిల్లలు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. మిసెస్, మిస్ రెండూ మిస్ట్రెస్‌ను పొట్టి చేస్తే వచ్చినవే. ఇంకో సంగతి. పద్దెనిమిదో శతాబ్దం దాకా మిసెస్ అంటే పెళ్లయిందని అర్థం కాదు, సంఘంలో కాస్త హోదా ఉన్న పెద్ద ఆడమనిషి అని. పెద్దింట్లో పెత్తనం చూసే హౌస్‌కీపర్ పెళ్లి లేకపోయినా మిసెస్సే. పెళ్లి గుర్తుగా అది గట్టిపడింది ఆ తర్వాతే.

ఆడపిల్లల చదువు కోసం 1869లో మొదలైన గర్టన్ కాలేజీ ఇప్పుడు కేంబ్రిడ్జిలో ఉంది. ఇవాళ మగపిల్లలూ చదువుతున్నారు. దాని అధిపతి పదవి పేరు నేటికీ మిస్ట్రెస్. మా కుర్రాడి చేతిలో ఉన్న పుస్తకం పట్టుకుని వెళ్లి ఆవిణ్ణి పరిచయం చేసుకుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఫ్రాన్సెస్ మేరీ బస్ అనే ఆవిడ లండన్‌లో 1850లో ఆడపిల్లలకు బడి పెట్టి, 1874లో తనలాంటివాళ్లను కూడగట్టి ఒక సంఘం కట్టింది. దాని పేరులోనే హెడ్ మిస్ట్రెసెస్ అని పెట్టుకున్నారు. పదేళ్లకు మామూలు టీచర్లు అసిస్టెంట్ మిస్ట్రెసెస్ పేరుతో ఇంకో సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు ఆ మాట ఉద్యోగం, హోదా, చేతిలో జీతం.

జీతం అన్నాను కాబట్టి ఇదీ వినండి. బ్రిటన్‌లో టీచర్ల జీతాలు తేల్చడానికి 1919లో బర్న్‌హమ్ కమిటీ వచ్చింది. ఆ స్కేళ్లలో స్కూల్‌మాస్టర్‌కు రూపాయి అయితే స్కూల్‌మిస్ట్రెస్‌కు సుమారు పదమూడణాలు. అదే పాఠం, అదే తరగతి, అవే కాంపోజిషన్ పుస్తకాలు. మాట చివర ఉన్న ఆ "ఎస్" ఖరీదు జీతంలో అయిదో వంతు. సమానం చేయండని ఆడ టీచర్లు కొట్లాడితే, వద్దు అనడానికే మగ టీచర్లు కొందరు 1920ల్లో విడిగా ఒక సంఘం నడిపారు. దాని పేరులో స్కూల్‌మాస్టర్స్ అని ఉండేది. జీతాలు సమానం కావడం 1955లో మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి 1961కి పూర్తయింది. మగవాళ్ల ఆ సంఘం 1976లో ఒక ఆడ టీచర్ల సంఘంతో కలిసిపోయింది. ఇప్పుడు చెప్పండి, మాస్టర్‌కు ఉపాధ్యాయుడు, మిస్ట్రెస్‌కు ఉపాధ్యాయిని అని రాసేస్తే సరిపోయిందా? తెలుగులో ఆ రెండు మాటల మధ్య ఉన్నది ఒక ప్రత్యయం. ఇంగ్లీషులో ఆ రెండింటి మధ్య ఉన్నది రెండు వేరు వేరు జీతాల పట్టీలు.

పెళ్లి సంగతి ఇంకా ఘోరం. లండన్ కౌంటీ కౌన్సిల్ 1923లో ఒక నిబంధన పెట్టింది, ఆడ టీచరు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం పోయినట్టే. 1935లో తీసేసింది. ఇంగ్లండ్ మొత్తానికి ఆ అడ్డు తొలగింది 1944 విద్యాచట్టంతో. ఐర్లండ్‌లో ప్రైమరీ టీచర్లకు 1934 నుంచి 1958 దాకా నడిచింది. స్కూల్‌మిస్ట్రెస్ అంటే పెళ్లి కాని మనిషి అనే బొమ్మ కథల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది, జడ బిగించి, కళ్లద్దాలు పెట్టి, మొహం చిట్లించి. ఆ బొమ్మను గీసింది రచయితలు ఒక్కళ్లే కాదు, సర్వీసు రూల్సు కూడా. పిల్లలు టీచరును మిస్ అని పిలవడం స్థిరపడడానికి ఇదీ ఒక కారణమని చెబుతారు. మిసెస్ అయిన మర్నాడు ఆవిడ తరగతిలో ఉండదు మరి. అక్కడ మగ టీచరు సర్, ఆడ టీచరు మిస్. ఒకటి నైట్‌హుడ్ బిరుదు వరస, ఇంకొకటి పెళ్లి కాని పిల్ల వరస. ఈ రెండింటికీ పొంతన ఎక్కడుందని జెన్నిఫర్ కోట్స్ అనే భాషాశాస్త్రవేత్త 2014లో అడిగితే బ్రిటన్ పత్రికల్లో పెద్ద చర్చే అయింది. మన కాన్వెంట్లలో మంగళసూత్రం, మనవలు ఉన్న టీచర్ను కూడా పిల్లలు "మిస్, మిస్" అంటూ చెంగు పట్టుకుని లాగుతుంటారు. ఆ మిస్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ తెలుగు నిఘంటువైనా ఒక్క ముక్క చెబితే వెతికి వెతికి నేను బాగుపడేదాన్ని.

ఇక గవర్నెస్. నాకు నిజంగా తల బొప్పి కట్టింది ఇక్కడే.

రిటైరయ్యాక ఒక పాత ఇంగ్లీషు కథ తెలుగు చేశాను. అందులో ఒక గవర్నెస్ ఉంది. మీ మాట నమ్మి పంతులమ్మ అని రాశాను. అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఫోన్ చేసి అడిగింది: "అమ్మా, ఆ పంతులమ్మ వాళ్లింట్లోనే ఎందుకు పడుకుంటుంది? బంధువా? బంధువైతే పండగ రోజు ఒక్కర్తే గదిలో ఎందుకు తింటుంది? పనిమనిషా? పనిమనిషైతే ఫ్రెంచి ఎలా వచ్చు?" నా దగ్గర జవాబు ఉంది, తెలుగు మాట లేదు. ఆవిడ అడిగిన మూడు ప్రశ్నలే గవర్నెస్ అన్న మాటకు అసలు అర్థం. వాళ్లింట్లోనే ఉండి, జీతం తీసుకుని పిల్లలకు చదువు చెబుతుంది గానీ ఇంటి మనిషి కాదు, పనిమనిషి కాదు. యజమానురాలి బల్ల దగ్గర కుర్చీ ఉండదు, కింద వంటవాళ్ల బల్ల దగ్గర కూర్చుంటే వాళ్లకు నచ్చదు. చాలామంది తండ్రి పోయినవాళ్లో, ఆస్తి కరిగినవాళ్లో. మర్యాదస్తుల ఇంటి పిల్ల పరువు పోకుండా నాలుగు డబ్బులు సంపాదించుకోవడానికి ఆ రోజుల్లో మిగిలిన దారి దాదాపు ఇదొక్కటే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో ఇలాంటివాళ్లు 20 వేలకు పైనే.

జీతం? రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1841లో ఒక ఇంట్లో గవర్నెస్‌గా చేరింది. పేరుకు ఏడాదికి 20 పౌన్లు. బట్టలుతికినందుకు 4 పౌన్లు పట్టుకుంటారు. చేతికొచ్చేది 16. ఆవిడ పేరు తర్వాత లోకమంతా తెలిసింది కాబట్టి ఈ లెక్క మనదాకా వచ్చింది. మిగతావాళ్లు వయసు మళ్లి, పిల్లలు పెద్దవాళ్లై, ఇంకో ఇల్లు దొరక్కపోతే ఏమయ్యేవాళ్లు? వాళ్ల కోసం లండన్‌లో 1840ల్లో గవర్నెస్‌ల సహాయ సంస్థ పుట్టిందంటేనే తెలుస్తోంది. ఆ చొరవ నుంచే 1848లో హార్లీ స్ట్రీట్‌లో క్వీన్స్ కాలేజీ వచ్చింది, ముందు గవర్నెస్‌లకు సరైన చదువు చెప్పించి అప్పుడు పంపుదామని. బ్రిటన్‌లో ఆడవాళ్ల పై చదువుకు ఒక తలుపు అలా తెరుచుకుంది. బ్రౌన్ దొర మద్రాసులో తన నిఘంటువులు అచ్చు వేయించింది కూడా 1850ల తొలినాళ్లలోనే. ఇంగ్లండ్‌లో గవర్నెస్‌ల ముచ్చట పత్రికల నిండా నడుస్తున్న కాలం అది.

తమాషా ఏమంటే గవర్నెస్ అంటే మొదట ఏలిక. పరిపాలించే స్త్రీ. గవర్నర్‌కు ఆడ రూపం అంతే. ఇప్పుడు ఒకరు గవర్నర్ బంగళాలో ఉంటారు, ఇంకొకరు మేడ మీద పిల్లల గది పక్కన చిన్న గదిలో మిగిలిపోయారు. ఆ పాత డాబు మాటలో కొంచెం మిగిలే ఉన్నట్టుంది, అనా లియోనోవెన్స్ దాన్ని వాడుకుంది. ఈవిడ పుట్టింది మన దేశంలోనే, అహ్మద్‌నగర్‌లో, 1831లో. ఆ సంగతి దాచి వేల్స్‌లో పుట్టానని చెప్పుకునేది. సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు మాంగ్‌కుట్ 1862లో ఆవిణ్ణి పిలిపించుకున్నది తన పిల్లలకు, రాణులకు ఇంగ్లీషు నేర్పడానికి. అక్కణ్ణుంచి వెళ్లిపోయాక రాసిన పుస్తకం పేరులో మాత్రం తనను గవర్నెస్ అనే చెప్పుకుంది. భాష నేర్పే టీచరు అంటే బళ్లో మనిషి, గవర్నెస్ అంటే అంతఃపురంలో మనిషి. పాఠకుడికి ఏది రుచిస్తుందో ఆవిడకు తెలుసు.

గవర్నెస్‌లలోనూ రకాలున్నాయి. చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పి, ముక్కు తుడిచేది నర్సరీ గవర్నెస్. పెళ్లీడు పిల్లలకు సంగీతం, బొమ్మలు వేయడం, ఫ్రెంచిలో నాలుగు మాటలు నేర్పి మెరుగు పెట్టేది ఫినిషింగ్ గవర్నెస్. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయేది డైలీ గవర్నెస్. ఈ చివరావిడ మనకు తెలిసిన మనిషే, ఇంటికొచ్చే ట్యూషన్ టీచరు. మొదటి ఇద్దరూ మనకు తెలిసినవాళ్లు కారు. ముగ్గురినీ ఉపాధ్యాయిని అనే ఒకే బుట్టలో వేస్తే నాలాంటి అనువాదకులు ఫోన్లో నీళ్లు నములుతారు.

డేమ్ స్కూల్‌కు మీలో ఒకరు "ప్రాథమిక పాఠశాల" అని రాశారు. చదివి నవ్వొచ్చింది. డేమ్ స్కూల్ అంటే ఒక ముసలావిడ తన ఇంటి వంటగదిలో, చేతిలో అల్లిక పని ఆపకుండా, ఇరుగుపొరుగు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించే చోటు. ఫీజు వారానికి కొన్ని పెన్నీలు. పిల్లల చేతిలో హార్న్‌బుక్ ఉండేది. పేరుకు బుక్కే గానీ, పిడి ఉన్న చెక్క మీద అక్షరాల కాగితం అంటించి, నలగకుండా పైన పల్చటి కొమ్ము పొర వేసింది. కొందరు అవ్వలు బాగా చెప్పేవాళ్లు, కొందరు పిల్లలు పొయ్యిలో పడకుండా చూస్తే చాలనుకునేవాళ్లు. 1870 విద్యాచట్టంతో ప్రభుత్వ డబ్బుతో బడులు వచ్చి, 1880లో హాజరు తప్పనిసరి అయ్యాక ఈ బడులు మెల్లగా మూతబడ్డాయి. మన వీధి అరుగు బడికి ఇది దగ్గరే గానీ అక్కడ ఉన్నది పంతులు, ఇక్కడ ఉన్నది అవ్వ. అందుకే నేను అవ్వబడి అని రాస్తున్నాను. మీకు నచ్చితే తీసుకోండి. డేమ్ అన్న మాట మాత్రం ఆ వంటగది నుంచి నేరుగా రాజుగారి కొలువుకు ఎక్కింది. 1917 నుంచి అది నైట్‌తో సమానమైన ఆడవాళ్ల బిరుదు. అమెరికా వీధుల్లో అదే మాట "ఆ పిల్ల" అన్నంత తేలిక.

అమెరికా అంటే స్కూల్‌మార్మ్. స్కూల్‌కు మేమ్ కలిపితే వచ్చింది, పలుకుబడిలో మార్మ్ అయింది. మనం మేడమ్‌ను మేడం, మేడమ్మ అని సాగదీసినట్టే. ఒంటిగది బడి, చలికాలంలో ముందుగా వచ్చి పొయ్యి రాజేయడం, అయిదేళ్ల వాడి నుంచి తన ఈడు కుర్రాళ్ల దాకా అందరికీ ఒకేసారి పాఠం. చాలా చోట్ల సొంత గది కూడా ఉండదు. ఈ వారం ఒక పిల్లాడి ఇంట్లో, వచ్చే వారం ఇంకో పిల్లాడి ఇంట్లో బస. క్యాథరిన్ బీచర్ 1840ల్లో ఊరూరా తిరిగి, పడమటి రాష్ట్రాల బడులకు తూర్పు నుంచి ఆడ టీచర్లను పంపాలని వాదించింది. కొన్ని వందల మంది నిజంగానే వెళ్లారు. ఆడవాళ్లయితే తక్కువ జీతానికి వస్తారన్నది కూడా ఆ వాదనలో ఒక భాగం, అది దాచుకోవాల్సిన విషయం అని ఎవరూ అనుకోలేదు. అంతర్యుద్ధం నాటికి ఉత్తరాది నుంచి ఇంకో గుంపు దక్షిణానికి కదిలింది, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లకు అక్షరాలు చెప్పడానికి. 1862లో దక్షిణ కరోలినా దీవులకు వెళ్లిన షార్లట్ ఫోర్టెన్ నల్లజాతి యువతి. ఇలాంటి వాళ్లను దక్షిణాదిలో వెటకారంగా యాంకీ, అంటే ఉత్తరాది, స్కూల్‌మార్మ్ అనేవాళ్లు. అదే మాట చదువు దొరికిన వాళ్ల నోట ఇంకోలా వినిపించి ఉంటుంది.

ఫేస్‌బుక్‌లో ఒక కాగితం బొమ్మ తిరుగుతుంటుంది మీరూ చూసే ఉంటారు, 1915లో అమెరికా ఆడ టీచర్లకు పెట్టిన నియమాలు, ఐస్‌క్రీమ్ షాపు దగ్గర నిలబడకూడదు, రెండు లోపావడాలు వేసుకోవాలి అంటూ. అది ఎక్కడిదో ఎవరూ సరిగ్గా చూపించలేదు, దాన్ని ఉదాహరణగా వేయకండి. నిజంగా ఉన్నదే సరిపోతుంది: 1942లో జరిగిన ఒక సర్వేలో అమెరికా స్కూలు బోర్డుల్లో 87 శాతం పెళ్లయిన ఆడవాళ్లను కొత్తగా టీచరు ఉద్యోగంలోకి తీసుకోవని తేలింది. ఇప్పుడు ఇంగ్లీషులో స్కూల్‌మార్మిష్ అంటే తిట్టు. ఊరికే తప్పులు పట్టే, సరదా తెలియని ఆడమనిషి అని. దానికి ఉపాధ్యాయిని వలె అని అర్థం రాసిన పుస్తకం ఒకటి నా బల్ల మీదుంది. ఒక రాజకీయ నాయకురాలిని ఇంగ్లీషు పత్రిక ఈ మాటతో దెప్పితే, దాన్ని తెలుగు చేసే సబ్ ఎడిటర్ "ఉపాధ్యాయినిలా మాట్లాడారు" అని పొగడ్త కింద వేసే ప్రమాదం ఉంది.

ప్రిసెప్ట్రెస్, ఇన్‌స్ట్రక్ట్రెస్, ట్యూటరెస్ ఇవన్నీ చచ్చిన మాటలు. టీచరెస్ అని కూడా ఒకటి ఉండేదంటే నమ్ముతారా? వీటి పక్కన పాతమాట అని ఒక గుర్తు వేస్తే చాలు, ఎక్కువ చోటు వద్దు. ఇన్‌స్పెక్ట్రెస్ మాత్రం ఉంచండి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆడపిల్లల బడుల తనిఖీకి వచ్చే అధికారికి అదే పదవి పేరు. పాత రికార్డులు, స్వీయచరిత్రలు చదివేవాళ్లకు తగులుతుంది.

మన వైపు ఈ మాటలు వచ్చి ఏమయ్యాయో మీకంటే మా అమ్మమ్మ బాగా చెప్పేది. మిషన్ బడి నడిపే తెల్ల ఆవిణ్ణి వాళ్లంతా మిస్సమ్మ అనేవారట. మిస్ అంటే పెళ్లి కానిది, అమ్మ అంటే తల్లి. రెండూ కలిపి ఒక మనిషికి తగిలించడానికి తెలుగువాళ్లకు క్షణం పట్టలేదు. 1955లో వచ్చిన మిస్సమ్మ సినిమాలో జమీందారు తన బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలంటాడు, ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూపెళ్లాల వేషం వేస్తారు. మనం కడుపుబ్బ నవ్వాం. ఆ జమీందారు కోరిక మాత్రం కట్టుకథ కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లె బడులు మాస్టరు, ఆయన భార్య మిస్ట్రెస్, ఇద్దరూ కలిసి కావాలని ప్రకటనలిచ్చేవి. ఆయన పాఠాలు చెప్పాలి, ఆవిడ చిన్నపిల్లల్ని చూసి కుట్టుపని నేర్పాలి, ఇల్లు ఒకటి ఇస్తారు.

ఇక్కడే మన పంతులమ్మ మాటలో ఒక చిక్కు బయటపడుతుంది. పంతులమ్మ అంటే పాఠం చెప్పే ఆవిడా, పంతులు గారి భార్యా? నేను మొదటి పోస్టింగ్‌లో పల్లెకు వెళ్తే అద్దె ఇల్లు చూపించిన పెద్దాయన, "పంతులు గారెప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు. నేనే పంతుల్ని అని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. సంస్కృత నిఘంటువు కూర్చిన అమరసింహుడికి ఈ చిక్కు తెలుసు. స్వయంగా పాఠం చెప్పే స్త్రీ అయితే ఆచార్యా, ఆచార్యుడి భార్య అయినందువల్ల ఆ పేరు వచ్చిన స్త్రీ అయితే ఆచార్యానీ అని అమరకోశంలో విడదీసి పెట్టాడు. ఒకటి "స్వతః", ఇంకొకటి "పుంయోగే" అని గుర్తు కూడా చెప్పాడు. చిన్నప్పుడు అమరం బట్టీ పట్టిన మీలో పెద్దలకు నేను గుర్తు చేయాలా? కాగితం చవకైన కాలంలో, కంప్యూటర్లు పెట్టుకుని, శ్లోకంలో ఆయన చూపించిన పాటి తేడా మనం చూపించలేకపోతున్నాం.

నేను అడుగుతున్నది ఇంతే. బడిపిల్లల కోసం వేసే నిఘంటువులో మిస్ట్రెస్ కింద బడి అర్థం, ఇంటి యజమానురాలు అర్థం ముందు వేయండి, మూడోది దాని చోట అది ఉంటుంది. హెడ్‌మిస్ట్రెస్‌ను విడి మాటగా చేర్చండి, ఇప్పటికీ ఆడపిల్లల బడుల్లో బతికి ఉన్న మాట అది, కొత్త ఇంగ్లీషులో హెడ్‌టీచర్ అంటున్నారని కూడా పక్కన చెప్పండి. ప్రతి మాటకూ ఏ దేశం, ఏ కాలం, మర్యాదా వెటకారమా అన్నది ఒక చిన్న గుర్తుతో చూపించండి. గవర్నెస్‌కు తెలుగు మాట కోసం సంస్కృతం తవ్వి గృహాధ్యాపిక లాంటివి తీయకండి దయచేసి. గవర్నెస్ అనే ఉంచి, కింద రెండు వాక్యాలు రాయండి, ఇంట్లోనే ఉంటుంది, జీతం తీసుకుంటుంది, బల్ల దగ్గర కూర్చోదు అని. నేను ఇప్పటికి నలభై రెండు మాటలకు ఇలా కార్డులు రాసి పెట్టాను, చెప్పుల డబ్బాలో ఉన్నాయి. ఎవరైనా వచ్చి తీసుకెళ్తే కాఫీ ఇచ్చి మరీ ఇస్తాను. నాకు పేరు వేయక్కర్లేదు.

ఇంకొక్క మాట, ఇది మీ మీద కాదు, నా మీద. సర్వీసు చివర్లో నన్ను ఇన్‌చార్జ్ హెచ్చెమ్‌గా వేశారు. టీసీల మీద వేసే రబ్బరు స్టాంపు మీద హెడ్‌మాస్టర్ అని ఉంది. క్లర్కు మంచివాడు, "మేడమ్, హెడ్‌మిస్ట్రెస్ అని కొత్తది చేయించమంటారా, నూట యాభై అవుతుంది" అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని. గర్టన్ కాలేజీ సంగతీ తెలుసు, మిస్ బస్ సంగతీ తెలుసు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మాత్రం రెండో బెంచీ కుర్రాడు, లైబ్రరీ బీరువా, తలలు దించుకుని నవ్విన ఆ వరస. "ఎందుకు బాబూ డబ్బు దండగ, ఉన్నదే వెయ్యి" అన్నాను. రిటైరయ్యే దాకా ఆ స్టాంపు పైనే సంతకం పెట్టాను.

ఇట్లు,
రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లీషు